ఎల్‌శాట్ లాజిక్ గేమ్స్: సాధన పద్ధతి

అమెరికా న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో 2024 జూన్ వరకు ఉన్న విభాగమిది: 35 నిమిషాలు, నాలుగు పజిళ్లు. ప్రశ్నల జోలికి పోకముందే నియమాలను కలిపి చూడడమే ఇందులో అసలు కీలకం. ఐదుగురు మాట్లాడే సభలో రాము తర్వాతే సీత, సీత తర్వాతే గోపి అన్నారనుకుందాం. విడిగా చిన్న నియమాలే. కలిపితే రాముకు చివరి రెండు స్థానాలు, గోపికి మొదటి రెండు, సీతకు రెండు కొసలూ మూసుకుపోతాయి. పజిల్‌కు తొమ్మిది నిమిషాలైనా దక్కని చోట ఈ నియమాలను కలిపి చూపే బొమ్మ గీస్తూ కూర్చోవడం దండగ అనవచ్చు. కానీ ఒకసారి రాబట్టిన ఫలితం ఆ పజిల్‌లోని చాలా ప్రశ్నలకు పనికొస్తుంది. లేకుంటే అదే లెక్క ప్రతిసారీ మొదటినుంచి చెయ్యాలి. బొమ్మ మీద ఇంతగా ఆధారపడడం అంధ అభ్యర్థులకు అన్యాయమన్న వాదన మాత్రం బలమైనది. ఈ వాదనతోనే నడిచిన కోర్టు వ్యాజ్యంలో 2019లో కుదిరిన ఒప్పందం దరిమిలా, 2024 ఆగస్టు నుంచి ఈ విభాగాన్ని తొలగించారు.