సన్న పగడపు పాము
భారతదేశం, శ్రీలంకల్లో కనిపించే చిన్న విషసర్పం. శాస్త్రీయ నామం కాలియోఫిస్ మెలన్యూరస్. 1802లో జార్జ్ షా అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. నాగుపాము, కట్లపాముల కుటుంబానిదే అయినా పొడవు సాధారణంగా 35 సెంటీమీటర్లు మించదు, ఒళ్ళు పెన్సిలు కన్నా సన్నం.

పగలు రాళ్ల కింద, రాలిన ఆకుల కింద, గుల్ల మట్టిలో దాక్కుని ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. అందుకే అడవిలో కంటబడడం అరుదు. తల, మెడ నలుపు, వాటిపై పసుపు మచ్చలు; గోధుమరంగు ఒళ్ళు, పగడపు ఎరుపు పొట్ట, తోకపై రెండు నల్లని పట్టీలు. బెదిరితే తోకను మెలితిప్పి పైకెత్తి అడుగున ఉన్న నీలిరంగు చూపిస్తుంది. చూడదగ్గ దృశ్యమే. శత్రువు మాత్రం తోకనే తల అనుకునే వీలుంది.

వానపాముల్లా కనిపించే గుడ్డిపాములను తింటుంది. మనిషిని కాటేయడం చాలా అరుదు. అయినా భారత్‌లో సాధారణంగా వాడే విషవిరుగుడు మందు ఈ పాము విషంతో తయారైనది కాదు. కనుక ఎంత చిన్నదైనా చేత్తో పట్టుకోకూడదు.