పక్షుల ఫీల్డ్ గైడ్లు: నేరేడ్‌మెట్, దక్కన్ ప్రాంతం

పక్షిని పట్టుకోకుండా, దాన్ని బెదరగొట్టకుండా, ఉన్నచోటనే చూసి పోల్చుకునేందుకు బొమ్మలు, గుర్తులు, పటాలతో కూర్చిన చేతిపుస్తకమే ఫీల్డ్ గైడ్. సికింద్రాబాద్‌కు ఈశాన్యాన, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న నేరేడ్‌మెట్‌లోనూ, పక్కనున్న సైనిక్‌పురి, రామకృష్ణాపురం కాలనీల్లోనూ సైనికోద్యోగాల వల్ల దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడినవారు చాలామంది. వారికి ఇక్కడి చెరువులు, రాతిగుట్టలు, తుప్పలు కొత్త. వాటిలోని పక్షులూ కొత్తే. ఈ నేలకు ఏ పుస్తకం సరిపోతుందో తెలియాలంటే ఆ పుస్తకాలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి.

తొలి గ్రంథాలు

తెలుగు నేల పక్షులను శాస్త్రీయంగా నమోదు చేసినవారిలో ముఖ్యుడు మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ కావర్‌హిల్ జెర్డాన్ (1811–1872). నెల్లూరులో పనిచేసిన కాలంలో ఆయన యానాదుల దగ్గర పక్షుల అలవాట్లు, స్థానిక నామాలు అడిగి తెలుసుకున్నాడు. 1862–64 మధ్య వెలువడిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆయన సేకరించిన కలివికోడికి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రీయ నామం పెట్టాడు. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షిని 1986లో కడప ప్రాంతపు తుప్పల అడవుల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ తిరిగి కనుగొన్నారు. స్థానిక వేటగాళ్ల సాయం లేకుంటే అది సాధ్యమయ్యేది కాదు. ఏ పుస్తకానికైనా ఆ నేల మీద బతికేవారి అనుభవం తోడుండాలని జెర్డాన్ పద్ధతీ, ఈ ఘటనా రెండూ చెబుతాయి.

ఆ తరువాత ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ శ్రేణిలో వచ్చిన పక్షి సంపుటాలు ప్రామాణికమయ్యాయి. అయితే రెక్క పొడవు, ముక్కు పొడవు కొలిచి జాతిని తేల్చే ఆ పద్ధతికి పక్షి చేతిలో ఉండాలి. అంటే తుపాకీ కావాలి. నిజాం రాజ్యంలో 1931–32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ జరిపిన హైదరాబాద్ రాష్ట్ర పక్షి సర్వే కూడా నమూనాల సేకరణ మీదే సాగింది. హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో దాని ఫలితాలు బాంబే సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. తెలంగాణ పక్షుల అధ్యయనానికి నేటికీ ఆ నివేదిక ముఖ్యమైన ఆధారం.

తుపాకీ నుంచి బైనాక్యులర్‌కు

1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ ప్రచురించిన పుస్తకం పద్ధతినే మార్చింది. దూరం నుంచి కనిపించే గుర్తులనే ఎంచి, బొమ్మ మీద చిన్న గీతలతో చూపాడు. తొలి ముద్రణ 2000 ప్రతులు చూస్తుండగానే అమ్ముడుపోయాయి.

ఆ మార్పు ఎంత అవసరమో సఫిల్‌గూడ చెరువుగట్టున నిలబడితే తెలుస్తుంది. గుర్రపుడెక్క అంచున కదలకుండా నిలుచున్న గుడ్డికొంగ చలికాలంలో మట్టిరంగు చారలతో బురదలో కలిసిపోతుంది. ఎగిరిందంటే చాలు, తెల్లని రెక్కలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. వానాకాలం వచ్చేసరికి అదే కొంగ వీపు ముదురు ఎరుపు తిరుగుతుంది, తల వెనుక పొడవైన తెల్లని తురాయి వేలాడుతుంది. కూర్చున్న రూపం ఒక్కటే చూపిన పుస్తకం చూసి నేర్చుకునేవారు వీటిని మూడు వేర్వేరు పక్షులనుకుంటారు. మంచి గైడ్ ఈ మూడు రూపాలనూ ఒకే పుటలో చూపుతుంది.

మన దేశంలో ఈ దారి వేసింది సలీం అలీ 1941లో వెలువరించిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’. పిచ్చుక, గోరింక, కాకి, గద్ద వంటి తెలిసిన పక్షులతో పోల్చి కొత్త పక్షి పరిమాణం చెప్పడం దాని ప్రత్యేకత. సాధారణ పాఠకుడు స్కేలు లేకుండానే అంచనా వేయగలిగాడు. డిల్లాన్ రిప్లీతో కలిసి ఆయన రాసిన పది సంపుటాల ‘హ్యాండ్‌బుక్’ (1968–74) లోతైన ఆధారం. కానీ అది అలమరలో ఉండవలసిన గ్రంథం, సంచిలో మోసేది కాదు. 1980లో ఏర్పడిన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, దాని పత్రిక ‘పిట్ట’ జంటనగరాల్లో పక్షి వీక్షణను సామూహిక వ్యాసంగంగా మార్చాయి. ఈ సంస్థే తరువాత దక్కన్ బర్డర్స్ అయింది.

ఆధునిక గైడ్లు

1998లో గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతుల ‘బర్డ్స్ ఆఫ్ ది ఇండియన్ సబ్‌కాంటినెంట్’తో కొత్త దశ మొదలైంది. ఉపఖండపు సుమారు 1300 జాతులూ అందులో ఉన్నాయి; బరువు వల్ల దాన్ని చేతపట్టుకుని తిరగడం కష్టం. మరుసటి ఏడే పాకెట్ కూర్పు వచ్చింది. 2000లో క్రిస్ కాజ్మియర్‌చాక్ తన గైడ్‌లో బొమ్మలకు ఎదురుగానే వివరణ, పటం ఉంచాడు. 2005లో పమేలా రాస్‌ముసెన్, జాన్ ఆండర్టన్ ‘బర్డ్స్ ఆఫ్ సౌత్ ఏషియా’ రెండు సంపుటాలుగా వెలువడి, కూతల చిత్రణకూ జాతుల విభజనకూ పెద్దపీట వేసింది. అదే ఏడాది వచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ దక్షిణాదికే పరిమితమైంది. నేరేడ్‌మెట్‌లో కొత్తగా మొదలుపెట్టేవారికి ఇటువంటి ప్రాంతీయ గైడే మేలు. హిమాలయ, ఈశాన్య పక్షుల వందల బొమ్మల మధ్య వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

ఎంపికలో చూడవలసినవి

బొమ్మల అందం కంటే పటమూ, కాలసూచనా ముఖ్యం. చలికాలపు ఈకల్లో మన గుడ్డికొంగనూ చైనా గుడ్డికొంగనూ వేరుచేయడం దాదాపు అసాధ్యం. రెండోది ప్రధానంగా ఈశాన్య భారతానికీ తూర్పు ఆసియాకూ చెందినదని పటం చెప్పగానే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఫొటోలలో వెలుగును బట్టి రంగు మారుతుంది కనుక గీసిన బొమ్మలున్న గైడ్‌ను ప్రధానంగా పెట్టుకుని, ఫొటో పుస్తకాన్ని తోడుగా వాడుకోవడం మంచిది. చలికాలంలో చెట్ల గుబుర్లలో తిరిగే గ్రీనిష్ వార్బ్లర్ వంటి వలస పిట్టలను చూపు కంటే కూతే ముందు పట్టిస్తుంది. కాబట్టి కూతను చక్కగా వర్ణించిన పుస్తకం కావాలి. కూర్పు ఏడాది కూడా చూడాలి. పాత పుస్తకాల్లో ‘క్రో ఫెజెంట్’గా ఉన్న జెముడుకాకి కొత్తవాటిలో ‘గ్రేటర్ కూకల్’. పేర్లు తెలియకపోతే ఒకే పక్షిని రెండుసార్లు రాసుకునే ప్రమాదముంది.

ప్రస్తుత స్థితి

కార్నెల్ పక్షి ప్రయోగశాల రూపొందించిన, పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్, వీక్షకులు నమోదు చేసే ఈబర్డ్ జాబితాలు ఇప్పుడు ఫోన్‌లోనే అందుతున్నాయి. ఒక చెరువులో ఈ నెలలో ఏ పక్షులు కనిపించాయో ఈబర్డ్ చెబుతుంది; ముద్రిత గైడ్ ఆ పని చేయలేదు. అయితే ఒక పక్షిని దాని దగ్గరి జాతుల పక్కన పెట్టి చూసి నేర్చుకునే అలవాటు పుస్తకపు పుటల వల్లనే బలపడుతుంది. నగరాన్ని గడులుగా విభజించి పక్షులను లెక్కించే హైదరాబాద్ బర్డ్ అట్లాస్ పని 2025లో స్వచ్ఛంద వీక్షకులతో మొదలైంది. జెర్డాన్ యానాదులను అడిగి, సలీం అలీ ఊరూరా తిరిగి కూర్చిన సమాచారాన్ని ఇప్పుడు చెరువుగట్టున నడిచే ఎవరైనా పెంచవచ్చు. రాబోయే గైడ్లలో ఈ ప్రాంతపు పటాలు ఎంత కచ్చితంగా ఉంటాయన్నది ఇప్పుడు నమోదయ్యే ఈ జాబితాల మీదే ఆధారపడి ఉంది.