ముల్లు గెంతిన చోటు

గజపతినగరములో మాకు పరిచయముగల యొక ప్రాతయింట నిరుడు వేసవిలో అటకమీది ఇనుపపెట్టె దింపించిరి. అందు దస్తావేజులుండవచ్చునని ఇంటివారు తలంచిరి. తెరచిచూడగా కాగితపు సంచులలో నల్లని గ్రామఫోను ప్లేట్లు పదునేడు కనబడినవి. ఇంటికి పెద్దయైన మామ్మగారు వానిలో నొకదానిని చేతికెత్తుకొని చాలసేపు చూచిరి. దాని నడుమ నంటించిన చీటిని పురుగులు కొట్టివేసినవి. పాడినదెవరో చదువుటకు వీలులేదు. మనుమడు తాను క్రొత్తగా కొన్న టర్నుటేబిలుపై దాని నుంచి త్రిప్పగా, బుసబుస శబ్దము నడుమనుండి ఒక స్త్రీకంఠము లేచినది. పాట తుదిదాక వచ్చినది. తుదిని మాత్రము ముల్లు ఒక్క అక్షరమును పట్టుకొని దానినే మరల మరల పలుకసాగినది. పిల్లవాడు జేబులోని రూపాయినాణెము తీసి ముల్లుచేతిపై బరువుగా పెట్టబోయెను. మేము చేయిపట్టుకొని ఆపితిమి.

ఆ సమయమున మామ్మగారన్న మాట మేము మరువలేదు. "ఈ పాట వింటూ మా తాతగారు కళ్ళు తుడుచుకునేవారు బాబూ. అలాటి మనిషి మా గుమ్మం ఎక్కితే మాత్రం అరుగు కడిగించేవారు."

ఈ వ్యాసమున ముల్లు గెంతుటకు కారణములను, చికిత్సను చెప్పదలచితిమి. కాని ఆ ప్లేటు చరిత్ర చెప్పక దాని రోగము చెప్పుట సాధ్యముకాదు. ఆ చరిత్రలో మన సంస్కరణోద్యమమునకును కొంత పాలు కలదు.

శబ్దము పుట్టి నశించునదని మన తార్కికులు చెప్పిరి. 1877లో అమెరికాలో ఎడిసను ఫోనోగ్రాఫు నిర్మించుటతో, నశించిన శబ్దమును మరల పలికించుట సాధ్యమైనది. ఆయన శబ్దమును గొట్టముపై నిలువులోతుగా గీయించెను. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎమిలు బెర్లినరు 1887లో వేరొక మార్గము కనిపెట్టెను. ఆయన గాడిని చదునైన పళ్లెముపై చుట్టలు చుట్టలుగా గీయించి, శబ్దమునుబట్టి అది ఇటునటు వంకరలు తిరుగునట్లు చేసెను. పళ్లెమునకు మేలు ఏమనగా, ఒక్క అచ్చునుండి వేలకొలది ప్రతులు తీయవచ్చును. పుస్తకమునకు అచ్చుయంత్రమెట్టిదో పాటకు బెర్లినరు పద్ధతి అట్టిదయ్యెను.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్బర్గు అను గ్రామఫోను కంపెనీ ఉద్యోగి కలకత్తాకు వచ్చి పాటలు పట్టెను. ఆనాడు పాడినవారిలో గౌహర్ జాన్ ప్రసిద్ధురాలు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పెడిది. ఇది అహంకారమని కొందరనుకొనిరి. నిజమేమనగా, ఆ అచ్చులు జర్మనీలోని హానోవరుకు పోయి అక్కడ ప్లేట్లుగా తయారయ్యెడివి. మన భాష యెరుగని అక్కడి పనివారికి ఏ పాట యెవరిదో తెలియుటకై అట్లు పేరు చెప్పించిరి. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసినపిమ్మట ప్లేట్లు ఈ దేశముననే తయారుకాజొచ్చినవి. నిమిషమునకు 78 మారులు తిరుగు ఆ పది అంగుళముల ప్లేటులో ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆ మూడు నిమిషములలో ఇముడ్చుటకు విద్వాంసులు క్రొత్తగా అభ్యసింపవలసి వచ్చెను.

ఆ ప్లేటు దేనితో చేయబడినది? చాలమంది రబ్బరనుకొందురు. అది లక్క. భారతములో పాండవులకు కట్టిన ఇంటికి వాడిన లక్కయే, మన వడ్రంగులు స్పిరిటులో కరగించి బల్లలకు మెరుగుపెట్టు లక్కయే. మన అడవులలో చెట్లకొమ్మలపై చిన్నపురుగు కట్టిన లక్కను శుద్ధిచేసి, రాతిపొడియు, మసియు కలిపి కాచి అదిమిన ప్లేట్లు అయ్యెడివి. లోకమంతటను పాటలు మ్రోగించిన ఆ ప్లేట్లకు హిందూదేశపు లక్క ముఖ్యాధారము. 1948లో కొలంబియా కంపెనీవారు న్యూయార్కులో వెలువరించిన, నిమిషమునకు 33⅓ మారులు తిరుగు సన్నగాడి ప్లేటు వినైలుతో చేసినది. ఈ రెండు జాతులకు భేదము తెలియనిదే చికిత్సకు పూనుకొనరాదు.

మన ప్రాంతమునకు ఈ యంత్రము వచ్చునప్పటికి విజయనగరము సంగీతమునకు పెట్టినపేరు. 1919లో అక్కడ మహారాజావారి సంగీతకళాశాల స్థాపింపబడినది. హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందు వాయులీనము బోధించి, 1936లో అధ్యక్షులైరి. ఆ కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారికి శిష్యుడైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతు తరువాత ప్లేట్లద్వారా తెలుగువారి ప్రతి ఇంటికిని చేరినది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పరమపదించిన తరువాత కూడ ఆ గొంతు మన వీధులలో మూగపోలేదు.

అయితే నాయుడుగారి వాయులీనమును వినుటకు ఏ గృహస్థునకును సంకోచము లేదు. మొదటి ప్లేట్లలో పాడిన స్త్రీలమాట వేరు. సేలం గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ మొదలైనవారు దేవదాసీకులమున జన్మించిన విదుషీమణులు. కులస్త్రీలు సభలో పాడుట తప్పనుకొను కాలమది. కావున యంత్రమునకు తొలుత లభించిన స్త్రీకంఠములు పెక్కు ఆ కులమువారివే. ఇదే కాలమున వీరేశలింగము పంతులుగారు మొదలైన సంస్కర్తలు భోగముమేళములను మానుడని ప్రచారము చేసిరి. బాలికలను దేవాలయములకు అర్పించుట యను దురాచారము నశింపవలసినదే. 1947లో మద్రాసు శాసనసభ దానిని నిషేధించుట న్యాయమే. ఈ విషయమున మాకు సందేహము లేదు.

కాని దురాచారమును తుడుచుటలో ఆ స్త్రీల విద్యనుకూడ తుడిచివేసితిమి. నాగరత్నమ్మగారు 1910లో ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పరిష్కరించి ప్రకటించిరి. పంతులుగారు అంతకుముందే ఆ కావ్యమును అశ్లీలమని నిందించియుండిరి. ప్రభుత్వము దానిని నిషేధించెను. ప్రకాశము పంతులుగారి మంత్రివర్గకాలమున, అనగా 1946-47లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ నాగరత్నమ్మగారే తన ఆర్జితమును వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిరి. విజయనగరమున 1892లో మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కములో గురజాడవారు మధురవాణికి ఇచ్చిన బుద్ధిని, హృదయమును చూచి మనము మెచ్చుకొంటిమి. నాటకములోని మధురవాణిని మెచ్చినంత సులభముగా వీధిలోని మధురవాణిని మనిషిగా చూడలేకపోతిమి. గొంతు లోపలికి రావచ్చును, మనిషి అరుగెక్కరాదు. గ్రామఫోను ఈ ద్వంద్వనీతికి మిక్కిలి అనుకూలించిన యంత్రము.

ఇక రోగమునకు వత్తము. ముల్లు గెంతుట రెండు విధములు. వెలుపలి గాడికి వెనుకకు పడినచో విన్నదే వినబడును, ఇది పునరుక్తిదోషము. లోపలి గాడిలోనికి ముందుకు దుమికినచో కొన్ని మాటలు పోవును; ఇది లోపము. రెండింటికిని కారణము ప్లేటులో ఉండవచ్చును, యంత్రములోను ఉండవచ్చును. ముందు యంత్రమును శంకింపుడు. బల్ల సమముగా ఉన్నదా లేదా యని తాపీవాని రసమట్టముతో చూడుడు. తరువాత ముల్లు చూడుడు. 78 ప్లేటు గాడికి అంగుళములో వేయింట మూడువంతుల మొనగల ముల్లు కావలెను. వినైలు సన్నగాడికి వేయింట ఒక వంతు, లేక అంతకు తక్కువ చాలును. సన్నముల్లును వెడల్పుగాడిలో పెట్టినచో అది అడుగున పేరుకొన్న మురికిలో ఈడ్చుకొనిపోయి బుసకొట్టును, గెంతును. ముందు చెప్పిన పిల్లవాని ముల్లు అట్టిదే. దానిని మార్చగా సగము రోగము కుదిరినది.

నాణెము పెట్టుట మన ఇండ్లలో చిరకాలపు వైద్యము. ఒకప్పుడు పావలా, ఇప్పుడు రూపాయి. ఇది తక్షణము ఫలించుటచేతనే మిక్కిలి ప్రమాదకరము. తాళముచెవి త్రిప్పి నడపు ప్రాతగ్రామఫోను తల నూరు గ్రాములకు పైబడి బరువుండెడిది. ఉక్కుముల్లును ఒక్కొక్క ప్రక్కకు మార్చవలసియుండెడిది. వినైలు ప్లేటుపై నేటి ముల్లు మోపు బరువు సాధారణముగా ఒకటిన్నర మొదలు మూడు గ్రాములు. దానిపై నాణెము మోపినచో ముల్లు గెంతదు, గాని గాడిగోడలను రాచివేయును. నేడు ఒక అక్షరము నిలుపుటకై రేపటి పాటనంతయు అరగదీసినట్లగును.

పిమ్మట ప్లేటు శుభ్రత. చంపావతీతీరపు వానకాలపు చెమ్మ ప్లేట్లకు బూజు పట్టించును. వేసవిధూళి గాడిలో ఇసుకరేణువులను ఇరికించును. బట్టియెక్కిన నీటిలో సబ్బుద్రావకము ఒక్కచుక్క కలిపి, మెత్తని కుంచెతో గాడివెంటనే త్రిప్పుచు తుడువవలెను. గాడికి అడ్డముగా రుద్దరాదు. నడిమి చీటి తడియరాదు. లక్కప్లేటును నీట నానవేయరాదు. దానికి స్పిరిటు ఎన్నడును తాకింపరాదు; బల్లకు మెరుగుపెట్టుటకు లక్కను కరగించు స్పిరిటు ప్లేటునుకూడ కరగించును. ఇరుకుకొనిన రేణువును భూతద్దముతో చూచుచు సన్నగా చెక్కిన వెదురుపుల్లతో గాడివెంట మెల్లగా కదల్పవలెను. సూది, బ్లేడు మొదలైన లోహములు పనికిరావు.

గీతపడి గోడ ఒరిగినచో, వినైలు ప్లేటును చేతితో మెల్లగా త్రిప్పుచు, ముల్లు గెంతుదిక్కునకు ఎదురుగా తలను వ్రేలితో మృదువుగా ఆనించి రెండుమూడు మారులు ఆ చోటు దాటించిన దారి ఏర్పడవచ్చును. లక్క పెళుసు, ఒరుగదు, విరుగును. దానికి వేరుపాయము. 78 వేగమున తిరుగవలసిన ప్లేటును 33⅓ వేగమున త్రిప్పి, ఆ శబ్దమును కంప్యూటరులోనికి ఎక్కించి, అందు తిరిగి వేగము పెంచవలెను. పరుగున వచ్చువాడు తట్టుకొని పడు గుంటను నెమ్మదిగా నడచువాడు దాటిపోవును గదా! అప్పటికిని దాటనిచో, గెంతుకు ముందుభాగమును, తరువాతిభాగమును వేరువేరుగా ఎక్కించి కంప్యూటరులో అతుకవచ్చును. పోయిన అక్షరమును మాత్రము మనము కల్పింపరాదు.

మేము ఆ ప్లేటునకు ఈ వరుసనే చికిత్స చేసితిమి. ముల్లు మార్చి, మురికి తీసి, నాలుగవనాటి సాయంకాలము వేగము తగ్గించి త్రిప్పగా ముల్లు ఆ చోటు దాటినది. కంప్యూటరులో వేగము సరిచేసి వినిపించితిమి. పాట ముగిసినది. ఒక్కక్షణము నిశ్శబ్దము. పిమ్మట ఆ స్త్రీ తన పేరు తాను చెప్పినది. ఇన్నియేండ్లు ముల్లు గెంతిన చోటికి ఆవల ఉన్నది ఆ పేరే. మామ్మగారు మరల వేయుమనిరి. ఆ పేరు మా యొద్దనున్న యే సంగీతచరిత్రలోను లేదు. మామ్మగారు ప్లేటు సంచిపై తమచేతితో దానిని వ్రాసి, దానిక్రింద "గారు" అని చేర్చిరి.

చదువరులారా! మీ అటకలమీద ఇట్టి పెట్టెలుండును. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక, ఎండతగులని చోట నిలువుగా నిలుపుడు. నాణెములు తీసివేయుడు. పాటను కంప్యూటరులోనికి ఎక్కించి బంధువులకు పంచుడు. పాడినవారి పేరు విడువకుడు. మన సంస్కరణచరిత్రలోను ముల్లు గెంతిన చోట్లు కలవు. బరువు మోపి వానిని దాటింపరాదు. మురికి తీసి, వెలుతురుపెట్టి, మెల్లగా త్రిప్పి వినవలెను.