రాతి మీద పుట్టిన గుడ్లగూబ

కెనడాలో ఫ్రేము కట్టి గోడకు పెట్టుకునే ఇన్యూట్ అచ్చుబొమ్మల్లో అన్నిటికన్నా పేరు పడ్డది ఒక గుడ్లగూబ. తలచుట్టూ కిరణాల్లా ఈకలు విప్పుకుని, పెద్ద కళ్లతో ఎదుటివారినే చూస్తుంది. ‘ది ఎన్‌చాంటెడ్ అవుల్’ అనే ఈ బొమ్మను 1960లో కెనోజువాక్ అషెవాక్ గీసింది. చూడగానే తరతరాల నాటి కళ అనిపిస్తుంది. ఆర్కిటిక్ మంచునేలపై ఇన్యూట్లది అనాది జీవనమే కానీ, కాగితం మీద వాళ్ల అచ్చుబొమ్మ వయసు సుమారు డెబ్బై ఏళ్లే.

బాఫిన్ దీవి దక్షిణాన ఉన్న కేప్ డోర్సెట్ దీని పుట్టిల్లు. ఇప్పుడా ఊరి పేరు కిన్‌గైట్. 1957 చలికాలంలో, దంతం చెక్కడంలో చేయి తిరిగిన ఒసుయిటోక్ ఇపీలీ రెండు సిగరెట్ పెట్టెలు పక్కపక్కన పెట్టి చూశాడట. రెంటి మీదా అదే నావికుడి తల. ఒకే బొమ్మను ఇన్నిసార్లు గీస్తూ కూర్చోవడానికి విసుగు పుట్టదా అని, అక్కడ ప్రభుత్వ అధికారిగా ఉన్న చిత్రకారుడు జేమ్స్ హ్యూస్టన్‌ను అడిగాడు. ఒసుయిటోక్ చెక్కిన వాల్రస్ దంతానికే నల్లరంగు పూసి, పల్చటి కాగితం పరిచి, రుద్ది తీసి చూపించాడు హ్యూస్టన్. ఈ పని మనమూ చేయవచ్చన్నాడు ఒసుయిటోక్. హ్యూస్టన్ తర్వాతి కాలంలో చెప్పుకున్న ముచ్చట ఇది.

ఆ మరుసటి ఏడాది హ్యూస్టన్ జపాన్ వెళ్లి, ఉనిచి హిరత్సుక దగ్గర చెక్క అచ్చుల పని నేర్చుకున్నాడు. చెట్లు పెరగని కేప్ డోర్సెట్‌లో చెక్క స్థానంలోకి రాయి వచ్చింది. పాత జపాన్ అచ్చుశాలల్లో లాగే గీసేవారు ఒకరు, చెక్కేవారు ఒకరు, అచ్చు తీసేవారు ఒకరుగా పని పంచుకున్నారు. 1959లో తొలి వార్షిక సంకలనం వెలువడింది. ఇన్యూట్ల సహకార సంఘమే అచ్చుశాల నడిపింది.

ఆ సంకలనంలో చోటు దొరికిన తొలి మహిళల్లో కెనోజువాక్ ఒకరు. 1927లో ఇకిరాసాక్ అనే విడిదిలో, మంచు ఇంట్లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి హత్యకు గురయ్యాడు. చర్మాలు కత్తిరించి కుట్టే విద్య అమ్మమ్మ నేర్పింది. 1952లో క్షయ సోకిందని ఆమెను ఇష్టానికి వ్యతిరేకంగా క్యూబెక్ నగరంలోని ఆసుపత్రికి తరలించారు. మూడేళ్లకు పైగా అక్కడే ఉంది. ఆమె అక్కడుండగానే ఇంటి దగ్గర పిల్లలు చనిపోయారు. అంత దుఃఖం మోసిన మనిషి గీతలో ఇంత వెలుగు ఉండటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

సీల్ చర్మపు సంచి మీద తాను కుట్టిన రూపమే ఆమె తొలి అచ్చు ‘రాబిట్ ఈటింగ్ సీవీడ్’ అయింది. ముందుగా నమూనా అనుకోకుండా ఆమె గీసే తెగని అంచుల్లో, కత్తెరతో తోలు కోసిన చేతి పనితనం స్పష్టంగా కనిపిస్తుంది.

రాతి అచ్చు తీయడం ఓపికతో కూడిన పని. రాతిని చదును చేసి, బొమ్మను దాని మీదికి దించి, చుట్టూ ఉన్న భాగాన్ని ఉలితో తొలుస్తారు. ఎత్తుగా మిగిలిన భాగానికి రంగు పట్టించి, జపాన్ కాగితం పరిచి, వెనకనుంచి చేత్తో రుద్దుతారు. ప్రతి ప్రతికీ రంగు మళ్లీ పూయాల్సిందే. సాధారణంగా యాభై తీశాక అచ్చును చెరిపేస్తారు. గుడ్లగూబ బొమ్మనూ యాభయ్యే తీశారు: ఎరుపు కలిసినవి 25, ఆకుపచ్చ కలిసినవి 25. 1970లో అది కెనడా తపాలా బిళ్ల మీదికెక్కింది. 2018 వేలంలో ఒక ప్రతి 2,16,000 డాలర్లు పలికింది.

కాబట్టి ఇది యంత్రం విదిల్చిన నకలూ కాదు, పేరు తెలియని వారి జానపద చిత్రమూ కాదు. చాలా ప్రతుల మీద గీసినవారి ముద్ర, అచ్చు తీసినవారి ముద్ర, అచ్చుశాల గుర్తైన మంచు ఇల్లు వరసగా ఉంటాయి. కొనేవారు ముందు చదవాల్సింది వాటినే. అనుమతి లేని నకలుకు ఎంత ఖరీదైన ఫ్రేము కట్టించినా, అందులో పైసా కిన్‌గైట్‌కు చేరదు. కెనోజువాక్ 2013లో కన్నుమూసింది. 2018లో ఆమె పేరిట కొత్త అచ్చుశాల తెరిచారు. ఆ ఊరివాళ్లకు అచ్చుబొమ్మ నేటికీ గౌరవమిచ్చే బతుకుతెరువు. ఆ గౌరవం నిలిచేది మనం చేతిపనికి తగిన వెల ఇచ్చినప్పుడే.