పండుగలో ఎవరి చోటు?

సంక్రాంతి వస్తే ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్సు ఊళ్లకు పోయే జనంతో కిక్కిరిసిపోతుంది. ఆ జనంలో క్రైస్తవులూ ఉంటారు. అయినా భోగి మంట దగ్గరికి రాని క్రైస్తవుణ్ణి చూసి, ఇది పంటల పండుగ, అందరిదీ కదా, ఇతనికెందుకీ మత ఛాందసం అని విసుక్కునే అభ్యుదయవాదులు మనలో కొందరున్నారు. ఆ మాట అనేముందు ఒంగోలు చరిత్ర ఒకసారి తిరగవేయడం మంచిది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తోళ్ల వ్యాపారం చేసిన యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకుల వెంట పల్లెలు కదిలాయి. కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వినడానికివి భక్తి నియమాలు. గ్రామంలో మాత్రం ఒక్కొక్కటీ భూస్వామ్యపు కట్టును ఒక్కొక్కచోట తెంపింది. ముఖ్యంగా మూడవది. జాతరలో, గ్రామదేవత కొలుపులో డప్పు కొట్టడం మాదిగకు వినోదం కాదు, విధి. అది మానిననాడు అతడు పూజనే కాదు, వెట్టిని కూడా నిరాకరించాడు. ఆ సంగతి ఊరి పెద్దలకు మతబోధకులకంటె బాగా అర్థమైంది. అందుకే సాంఘిక బహిష్కరణతో జవాబు చెప్పారు.

విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి కొరింథు క్రైస్తవులకు రాసినప్పుడు పౌలు, విందుకు పిలుపు అందుకున్న అతిథి సంగతి చెప్పాడు. ఒంగోలు మాదిగ అతిథి కాడు. పంట కోసినవాడై ఉండీ పండుగలో అతడిది చివరి విస్తరి. మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో క్రిస్మసు జరుపుకున్నవారికే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా ఎత్తివేయలేదు. అది ఏలేవారి పట్టుదల, ఇది పనివాడి తిరస్కారం. రెంటినీ ఒకే గాట కట్టరాదు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసం చేరారని ఎగతాళి చేయడం తేలిక. అంతకుముందు కరువులో, బకింగ్‌హాం కాలువ పని నడిచిన రోజుల్లో, క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచాడన్న సంగతి ఎగతాళి చేసేవారు చెప్పరు.

మిషను చేసిన నష్టమూ ఉంది. వెట్టినీ వాద్యాన్నీ అది వేరుచేసి చూడలేకపోయింది. విగ్రహారాధనతోపాటు డప్పునూ పక్కన పెట్టించింది. పండుగ మీది మమకారం మాత్రం పోలేదు: చర్చిలోనే కోత పండుగ వచ్చింది, ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు బలిపీఠం ముందుకు చేరాయి. ఇక డప్పు సంగతి. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా దానినే తన గుర్తుగా భుజానికెత్తుకుంది.