జిగురులో మిగిలిపోయిన మందు

పాతాళగంధి మొక్కను అడవిలో పోల్చుకోవడం అంత సులువు కాదు. రెండు మూడు అడుగులకు మించి ఎదగదు. కణుపుకు మూడేసి ఆకులు, కొమ్మ చివర ఎర్రటి కాడల మీద తెల్లని సన్నటి పూలు, ఆ తరవాత పచ్చగా కాసి పండేసరికి నల్లబడే చిన్న కాయలు. నీడా తేమా కోరుకునే మొక్క. హిమాలయాల దిగువ నుంచి పశ్చిమ కనుమల దాకా, మన తూర్పు కనుమల్లోనూ పెద్ద చెట్ల కింద పొదల మాటున పెరుగుతుంది. దాని విలువంతా మట్టిలోనే ఉంది. వేరు వంకర తిరిగి, పొడవునా ముడతలు పడి, బూడిద కలిసిన గోధుమరంగులో ఉంటుంది. విరిస్తే లోపల లేత పసుపు. పెద్దగా వాసన ఉండదు కానీ నాలుక మీద పెడితే ఆ చేదు చాలాసేపు వదలదు. వేరులోని ఆల్కలాయిడ్లలో సుమారు తొంభై శాతం బెరడులోనే ఉంటాయి.

సంస్కృతంలో దీన్ని సర్పగంధ అంటారు. ప్రాచీన వైద్య గ్రంథాల్లో ఆ పేరు ఉన్న మాట నిజమే కానీ, ఆ పేరుతో అప్పుడు చెప్పిన మొక్కా, నేడు మనం అంటున్న మొక్కా ఒకటేనని గట్టిగా చెప్పడం కష్టం. ఒకే పేరు రెండు మూడు మొక్కలకు ఉండటం మన వైద్య వాఙ్మయంలో మామూలు. పాము పేరు పాశ్చాత్యులకూ అంటుకుంది. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చు వేయించిన గ్రంథంలో పాముకాటుకు వాడే వేళ్ళ గురించి రాశాడు. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు ‘పాముకొయ్య’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తరవాత అది రావుల్ఫియా ప్రజాతిలోకి మారింది. ఆ ప్రజాతికి పేరిచ్చిన లియోన్‌హార్డ్ రావుల్ఫ్ పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడు. పశ్చిమాసియా అంతా తిరిగినవాడే కానీ భారతదేశానికి రాలేదు. పాము విషానికి ఈ వేరు విరుగుడన్న మాటకు ఆధారం ఏదీ నిలబడలేదు. అసలు గుణం వేరే చోట బయటపడింది.

బీహారులో ఈ వేరును ‘పాగల్ కీ దవా’ అని అమ్మేవారు. అంటే పిచ్చికి మందు. పేదల ఇళ్ళల్లో పసిపిల్లలను నిద్రపుచ్చడానికీ వాడేవారు. ఏ ప్రయోగశాలా చూపక ముందే వేరు చేసే పని ఏమిటో ఆ ఊళ్ళవాళ్ళకు స్పష్టంగా తెలుసు. ఆ తరవాత జరిగిన పరిశోధన అంతా ఆ రెండు మాటలకు వివరణ వెతకడమేనని నేననుకుంటాను.

1931లో రెండు చోట్ల రెండు పనులు జరిగాయి. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు వేరు పొడిని రోజుకు రెండుసార్లు, 20 నుంచి 30 గ్రెయిన్ల మోతాదులో, అంటే గ్రాముంపావు నుంచి రెండు గ్రాముల దాకా, ఉన్మాద రోగులకు ఇచ్చి చూశారు. రోగులు శాంతించారు, నిద్రపోయారు, రక్తపోటు కూడా తగ్గింది. ఒకే వేరు మనసు మీదా నెత్తురు మీదా పనిచేస్తుందని వైద్య పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లను వేరుచేశారు. మూడు తెల్లనివి, రెండు పసుపుపచ్చనివి. తెల్లవాటికి అజ్మలిన్, అజ్మలినిన్, అజ్మలిసిన్ అని పేర్లు పెట్టారు. ఆ కాలేజీని నిలబెట్టి, ఆధునిక రసాయన శాస్త్రాన్ని దేశీయ వైద్యం పక్కకు తీసుకొచ్చిన హకీం అజ్మల్ ఖాన్ 1927 చివర్లో కన్నుమూశారు. సలీముజ్జమాన్ ఆయన పేరును ఆ మూడు అణువుల్లో నిలిపాడు. పచ్చవి సెర్పెంటిన్, సెర్పెంటినిన్.

చిక్కు ఇక్కడే వచ్చింది. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో రామ్‌నాథ్ చోప్రా బృందం ఈ మొక్క మందుగుణాలను పరీక్షించసాగింది. ఈ స్ఫటికాలు గుండె మీద, రక్తనాళాల మీద ఏదో ఒక ప్రభావం చూపేవి. కానీ రోగిని శాంతింపజేసి నిద్రపుచ్చే గుణం అయిదింటిలో దేనికీ సరిగ్గా అమరలేదు. పొడి ఇస్తే కనబడే గుణం శుద్ధి చేసిన స్ఫటికాల్లో కనబడటం లేదు. స్ఫటికాలు తీయగా మిగిలిన జిగురు మాత్రం నిద్ర తెప్పిస్తోందని 1940ల్లో కలకత్తా పరిశోధకులే గమనించి రాశారు. గోధుమరంగు జిడ్డులాంటి ఆ పదార్థం స్ఫటికంగా పేరదు, తూకానికి లొంగదు, శుద్ధికి లొంగదు. రసాయన శాస్త్రజ్ఞుడికి అంతకంటే తలనొప్పి లేదు.

కారణం ఇప్పుడు తేలిగ్గా చెప్పవచ్చు. మామూలుగా ఆల్కలాయిడ్లు ఆమ్లంతో కలిస్తే లవణాలై నీళ్ళలోకి దిగిపోతాయి. వాటిని తీసే పద్ధతంతా ఆ గుణం మీదే ఆధారపడి ఉంటుంది. వెతుకుతున్న పదార్థానికి క్షారగుణం చాలా తక్కువ. ఆమ్లం తగిలినా నీళ్ళలోకి రాకుండా జిగురును పట్టుకునే ఉండిపోయింది. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సిబా కంపెనీకి చెందిన ముల్లర్, ష్లిట్లర్, బైన్ 1952లో ఆ జిగురు నుంచే దాన్ని స్ఫటికంగా రాబట్టారు. రెసర్పిన్ అన్నారు. 33 కార్బన్, 40 హైడ్రోజన్, 2 నైట్రోజన్, 9 ఆక్సిజన్ పరమాణువులున్న అణువు. వేరులో దాని పాలు వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రమే. 1956లో హార్వర్డ్‌లో రాబర్ట్ వుడ్‌వర్డ్ దాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి నిర్మించి చూపాడు.

అంతకు ముందే బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది అధిక రక్తపోటు రోగులకు ఈ వేరుతో చేసిన చికిత్స ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. పాశ్చాత్య వైద్య లోకం ఈ మొక్కవైపు తల తిప్పింది ఆ వ్యాసం తరవాతే. అమెరికాలో నేథన్ క్లైన్ మానసిక రోగుల మీద వాడాడు. 1957లో లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో ఇద్దరూ ఉన్నారు. బీహారు పల్లెల్లో తరాలుగా ఆ వేరు వాడినవాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ లేవు. ఈ చరిత్ర రాసేటప్పుడు ఆ ఖాళీని గుర్తు పెట్టుకోకపోతే అన్యాయం.

రెసర్పిన్ ఏం చేస్తుందన్నది వేరే కథ. నరాల కొసల్లో సెరటోనిన్, నోరడ్రినలిన్, డోపమైన్ చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటాయి. గాదెలో ధాన్యం ఉన్నట్టు. రెసర్పిన్ ఆ గాదె తలుపును మూసేస్తుంది. బయట మిగిలిన సరుకును ఎంజైములు విరిచేస్తాయి. కొత్త గాదెలు తయారయ్యేదాకా, అంటే రోజుల తరబడి, నిల్వలు నిండవు. అందుకే రక్తనాళాలు సడలుతాయి, రక్తపోటు దిగుతుంది, మనసు నెమ్మదిస్తుంది.

దీన్ని కళ్ళకు కట్టిన ప్రయోగం స్వీడన్‌లో జరిగింది. 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రెసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వేలాడేసి, కళ్ళు సగం మూసి, కదలకుండా కూలబడ్డాయి. తరవాత ఎల్-డోపా ఎక్కించాడు. కాసేపటికే చెవులు నిక్కబొడుచుకుని లేచి తిరిగాయి. కంపవాతానికి, అంటే పార్కిన్‌సన్ వ్యాధికి, ఎల్-డోపా చికిత్స ఈ దారిలోనే వచ్చింది. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ వచ్చింది. ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. మన పొలాల గట్ల మీద ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పెట్టే దూలగొండి గింజల్లో ఇదే ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి తేల్చారు. కార్ల్‌సన్ వాడింది ఆ గింజల నుంచి తీసినదని కాదు. కానీ ఒక అడవి వేరు మూసిన తలుపుకు తాళంచెవి లాంటి పదార్థం మన పొలం గట్టు మీది తీగలోనే ఉంది.

1967లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 143 మంది తీవ్ర రక్తపోటు రోగుల మీద జరిగిన పరిశీలనలో రెసర్పిన్ కూడా ఉన్న మందుల కూర్పు వాడినవారిలో ఇద్దరికే పెద్ద ప్రమాదం వచ్చింది. ఉత్త మాత్ర వాడినవారిలో 27 మందికి వచ్చింది. రక్తపోటు తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని రుజువు చేసిన తొలి గట్టి సాక్ష్యాల్లో అదొకటి. మన దేశంలోనూ అడెల్ఫేన్ మాత్ర రూపంలో ఈ మందు చాలాకాలం నడిచింది. పాతతరం వాళ్ళకు ఆ పేరు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. మోతాదు ఎక్కువైతే మనసు కుంగిపోయేది, ముక్కు దిబ్బడ, కడుపులో పుండ్లు, వణుకు వచ్చేవి. అంతకంటే సులువైన మందులు రావడంతో రెసర్పిన్ వెనకబడింది. మిల్లీగ్రాములో నాలుగో వంతుతో పని జరిగే పదార్థం ఉన్న వేరును ఇంట్లో దంచుకుని మింగడం అందుకే ప్రమాదం. ఏ వేరులో ఎంత ఉందో నాలుక చెప్పలేదు.

సిద్దిఖీ తెల్ల స్ఫటికం అజ్మలిన్ మాత్రం ఇంకొక రూపంలో నిలిచింది. బ్రుగాడా అనే అరుదైన గుండె లయ జబ్బు మామూలు ఇ.సి.జి.లో దాగి ఉంటే, అజ్మలిన్ ఎక్కించి ఆ గీతలను బయటికి రప్పిస్తారు.

మొక్కకు మాత్రం ఈ కీర్తి కష్టమే తెచ్చింది. వేరు కావాలంటే మొక్కను పెకలించాలి. 1950ల గిరాకీ తరవాత అడవుల్లో అది వేగంగా తరిగింది. ఫార్మా కంపెనీలు రెసర్పిన్ కోసం ఆఫ్రికాలో పెరిగే దాని దాయాది మొక్క వైపు మళ్ళాయి. 1990లో అంతర్జాతీయ వర్తక నియంత్రణ జాబితాలోకి మన మొక్క చేరింది. విత్తనాలు చాలావరకు తాలువి. మొలిచేవి తక్కువ. అయితే వేలెడు వేరుముక్కను తడి మట్టిలో పాతితే చిగురు వస్తుంది. వేరు తవ్వినవాళ్ళు ఒక కొసను అక్కడే విడిచిపెడితే ఆ గుంటలోంచి మళ్ళీ మొక్క లేస్తుంది.