సముద్రం దాటిన బుల్లి విమానం

మా సునాబెడ ఇంజన్ల ఊరు. మిగ్-21 యుద్ధ విమానాల ఇంజన్ల కోసం 1960లలో ఇక్కడ హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ పెట్టారు. తరువాత సుఖోయ్ ఇంజన్లు కూడా ఇక్కడే తయారయ్యాయి. మా తాతయ్య అందులోనే పనిచేసి రిటైరయ్యారు.

అందుకే సైన్స్ ప్రదర్శనకు ఆటోపైలట్ ఉన్న చిన్న విమానం చేద్దామనుకున్నప్పుడు నేను నైట్రో ఇంజనే కావాలని పట్టుబట్టాను. నా స్నేహితుడు బ్యాటరీ మోటారే అన్నాడు. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు. మాస్టారు, "ముందు దీని చరిత్ర చదవండి, తర్వాత కొట్టుకోండి" అన్నారు.

1957లో ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ 'రేడియో క్వీన్' అనే మోడల్ విమానాన్ని వెండి-జింకు బ్యాటరీలతో ఎగరేశాడు. ఆ బ్యాటరీలు చాలా ఖరీదు. తరువాత వచ్చిన నికెల్-కాడ్మియం బ్యాటరీలు బరువు. అందుకే చాలా ఏళ్లు మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన నైట్రో ఇంధనానిదే రాజ్యం. 2000 తర్వాత లిథియం-పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు చవకయ్యాక పరిస్థితి మారింది.

ఇంతలో 2003 ఆగస్టులో ఒక అద్భుతం జరిగింది. అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్ వయసు అప్పటికి 77 ఏళ్లు. చూపు దాదాపు లేదు, వినికిడి కూడా తక్కువే. అంతకుముందు పంపిన విమానాలు గమ్యం చేరలేదు. అయినా ఆయన మానలేదు. 5 కిలోల లోపు బరువున్న ఆయన బల్సా చెక్క విమానం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో బయల్దేరి, జీపీఎస్ ఆటోపైలట్‌తో సుమారు 3,000 కిలోమీటర్లు ఎగిరి, దాదాపు 39 గంటలకు ఐర్లండ్‌లో దిగింది!

అందులో ఉన్నది బ్యాటరీ మోటారు కాదు, 10 సీసీ ఇంజను. కానీ ఇంధనం నైట్రో కూడా కాదు! లాంతర్లలో వాడే పెట్రోలు లాంటి ఇంధనం. కిలో మిథనాల్‌లో సుమారు 20 మెగాజౌళ్ల శక్తి ఉంటే, పెట్రోలులో దానికి రెట్టింపు పైనే. కిలో లిథియం బ్యాటరీలో ఒక మెగాజౌలు కూడా ఉండదు. పైగా ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది, బ్యాటరీ బరువు మాత్రం తగ్గదు.

మరి మా విమానం సముద్రం దాటాలా? లేదు. గ్రౌండు చుట్టూ పది నిమిషాలు తిరిగితే చాలు. నైట్రో ఇంజను అదురుకు ఆటోపైలట్ సెన్సార్లు తికమకపడతాయి, నూనె చిమ్మి రెక్కలు జిడ్డవుతాయి. మోటారుకు ఆ బాధ లేదు.

తాతయ్యతో ఈ సంగతి చెప్పడానికి భయపడ్డాను. ఆయన నవ్వి, "ఇంజను గొప్పదనం కాదురా, ముందు పనేంటో చూడాలి" అన్నారు. మర్నాడే నా స్నేహితుడి ఇంటికి వెళ్లి, "మోటారే పెడదాం" అన్నాను.